బ్యాటరీలు వేయని మీటరు

తొండుపల్లి,
జూన్ 9

మామా, దండాలు.

ఫోన్ చేస్తే స్వర్ణలత వదిన ఎత్తింది. "మా బాపు చెవి మిషన్ మళ్ల మూలకు పడ్డది. ఫోన్ల ఏం చెప్పినా ఊ అంటడు, పెట్టేసినంక ఏమన్నదే అని నన్నడుగుతడు. నువ్వు ఉత్తరం రాయి" అన్నది. అందుకే రాస్తున్నాను. చదువు అయిపోయాక ఇంత పొడుగు రాయడం ఇదే మొదలు.

అత్తాపూర్ నుంచి రోజూ ఆరాంఘర్ చౌరస్తాలో గంట నిలబడలేక తొండుపల్లిలో గది కిరాయికి తీసుకున్నాను. అమ్మ బాగానే ఉంది. నా పని పాతదే. ఎయిర్‌పోర్టులో ఎక్స్‌రే తెర ముందు కూర్చొని ప్రయాణికుల సంచుల లోపల చూడటం. రోజుకు కొన్ని వందలు చూస్తాను.

ఇక అసలు సంగతి. నవ్వకు. మేం ఐదుగురం కలిసి దయ్యాల వేటకు పోతున్నాం. శివశంకర్ అని కార్గోలో చేస్తాడు, జట్టు అతనిదే. ఇంతకుముందు రెండు పాడుబడ్డ చోట్లకు పోయాం. ఏమీ దొరకలేదని రాసుకొని వచ్చాం. ఈసారి ఈ తొండుపల్లిలోనే, దుర్గవ్వ అనే ముసలామె చెల్క చేను పక్కన ఉన్న గోపయ్య ఇల్లు. గోడ మీద వెలుగు నడుస్తదని, గడ్డపారతో తవ్వినట్టు చప్పుడు వస్తదని ఊళ్లో రెండు నెలలుగా అంటున్నారు. వెలుగు దిగే విమానానిదని నా అనుమానం. చప్పుడు సంగతి తెలియదు. నా గది దగ్గర కాబట్టి సామాను సంచి నా దగ్గరే పెట్టారు. సర్దే పని నాదే.

నువ్వు ఈ ఊరి భూముల సర్వేలో కొలత గొలుసు పట్టినవాడివి. ఆ ఇల్లు ఎవరు కట్టారు, అందులో ఎవరు పోయారు, శివశంకర్ అడగమన్నాడు. ఇంకొకటి. ఆ చెల్క మూలలో మట్టిలో కూరుకుపోయిన రాయి ఒకటి ఉందట. పాత సమాధి రాయి అంటున్నాడు. చెల్కలో ఉన్న బావి నుంచి అదెంత దూరమో చెబితే చాలు.

నీ మేనకోడలు
మనీషా

•

వికారాబాద్,
జూన్ 17

బిడ్డా మనీషా,

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. కంటి ఆపరేషన్ అయ్యాక అక్షరాలు పెద్దగా కనబడుతున్నాయి. నువ్వు గుండ్రంగా రాస్తావు, మీ అమ్మ లాగానే.

గోపయ్య ఇల్లు కట్టింది 1988లో. పునాదికి కొలిచినప్పుడు నేను అక్కడే ఉన్నాను. ఆ ఇంట్లో ఎవరూ చావలేదు. గోపయ్య పట్నం దవాఖానలో పోయాడు. ఆయన భార్య శివమ్మ కొడుకు దగ్గర పోయింది. దయ్యం కావాలంటే మనిషి ముందు అక్కడ చావాలి కదా.

ఆ మూలలో ఎవరినీ పూడ్చలేదు. సమాధి రాయి అని మీ శివశంకర్‌కు ఎవరు చెప్పారు? ఆ రాయి కనబడక పదేళ్లయింది. దాని సంగతి తెలిసిన వాళ్లు ఊళ్లో ముగ్గురో నలుగురో ఉంటారు. అతనిది ఏ ఊరు?

సంచి నీ దగ్గరే ఉందన్నావు. అందులో ఏమేం ఉన్నాయో వరుసగా రాసి పంపు. ముప్పై ఒక్క ఏళ్లు సర్కారు సంచి మోశాను నేను. ఎవడు ఏం పనికి బయలుదేరాడో అతని నోటి కంటే అతని సంచి బాగా చెబుతుంది.

మామ
ఐలయ్య

•

తొండుపల్లి,
జూన్ 24

మామా,

నువ్వు మా సూపర్‌వైజర్ కంటే ఎక్కువ తనిఖీ చేస్తున్నావు. సరే, విను.

టార్చిలు మూడు, తలకు కట్టుకునే లైటు ఒకటి. మాటలు రికార్డు చేసే చిన్న డబ్బా. గాలిలో చల్లదనం చెప్పే థర్మామీటరు. అడుగుల గుర్తులు పడతాయేమో చూడటానికి పౌడరు డబ్బా రెండు. దారం, గజ్జెలు, గుమ్మానికి అడ్డంగా కట్టడానికి. కెమెరా, దాని స్టాండు. అన్నిటికంటే ముఖ్యమైనది మీటరు. అయస్కాంత శక్తిని కొలుస్తుంది, దగ్గరికి ఏదైనా వస్తే ఆకుపచ్చ దీపం ఎర్రగా మారుతుంది. కరెంటు తీగ దగ్గరికి వచ్చినా మారుతుందనుకో. దానికి బ్యాటరీల ప్యాకెట్ కొత్తది కొన్నాను. అఖిల అని మా జట్టులో ఒక పిల్ల, నిమ్మకాయలు, ఉప్పు తెచ్చి పెట్టింది. "మీటరు ఫెయిలైతే మా అమ్మమ్మ పద్ధతి" అన్నది.

తర్వాత శివశంకర్ తెచ్చినవి. ముప్పై మీటర్ల టేపు, గదులు కొలవడానికి. సున్నం సంచి, గీతలు గీయడానికి. ఎర్ర గుడ్డ కట్టిన ఇనుప మేకులు ఒక కట్ట. పార. గడ్డపార, తలుపు బిగుసుకుపోతే తెరవడానికి.

డ్రోన్, లేజర్ పెన్ను కూడా తెచ్చాడు. నేను తీసేశాను. ఎయిర్‌పోర్టు పక్కన అవి నేరం, నా ఉద్యోగం పోతుంది. "డ్రోన్ లేపితే దయ్యం కన్నా ముందు పోలీసులొస్తరు" అన్నాను. "నువ్వున్నవంటే భయంలేదు మనీషా, అన్నీ చూస్కుంటవు" అన్నాడు. ఇంతవరకు ఉద్యోగంలో ఎవరూ నాతో అట్లా అనలేదు.

అతనిది ఏ ఊరో అడగలేదు. అడిగితే బాగుండదు. రాయి దూరం మాత్రం మళ్లీ అడిగాడు. అనుమానం నీ కొలువుతో వచ్చిన రోగం మామా. ఇప్పుడు రిటైర్ అయ్యావు కదా.

మనీషా

•

వికారాబాద్,
జూలై 2

బిడ్డా,

గోపయ్య ఇంటికి తలుపు లేదు. ఆయన పోయిన ఏడాదే కొడుకులు తలుపులు, దర్వాజాలు పీక్కొని పోయారు. లేని తలుపుకు గడ్డపార ఎందుకు?

నీ సంచిలో సగం దయ్యానికి, సగం భూమికి. టేపు, సున్నం, మేకులు, పార, గడ్డపార. ఇవి నా సంచిలో ఉండేవి. రెండు గదుల ఇల్లు కొలవడానికి ముప్పై మీటర్లు అక్కరలేదు.

ఆ రాయి ఏమిటో నీకు తెలియాలి. అది హద్దు రాయి. దుర్గవ్వకు మిగిలింది ఇరవై గుంటలు, అర ఎకరం. రోడ్డు మీదికి రావడానికి ఆమెకు ఒకటే బాట, గోపయ్య ఇంటి వెనక నుంచి. ఆ బాట ఆమెదని చెప్పేది ఆ ఒక్క రాయి. ఆఫీసు నక్షా సరిగ్గా ఆ మూల దగ్గరే చిరిగింది. రాయి లేదనుకో, బాట పక్కనున్న ప్లాట్ల వెంచర్‌లో కలుస్తుంది. దారి లేని జాగాను ఆమె వాళ్లకు తప్ప ఎవరికీ అమ్మలేదు. ఆ జాగా తప్ప ఆమెకు ఇంకేమీ లేదు.

అయినా నువ్వు రెండుసార్లు అడిగావు. బావి తూర్పు గట్టు నుంచి తూర్పుకే ఒక గొలుసు నాలుగణాలు. మా గొలుసు ముప్పై మూడు అడుగులు, దానికి పదహారు అణాలు. లెక్క కడితే నలభై ఒక్క అడుగుల పావు. ఇది నీకొక్కదానికే రాస్తున్నాను. ఎవరికీ చెప్పకు.

ఒకసారి పగటిపూట దుర్గవ్వ దగ్గరికి పో. ఆమె ఇంట్లో అన్నం తిను.

మామ

•

తొండుపల్లి,
జూలై 15

మామా,

దుర్గవ్వ దగ్గరికి పోయాను. సొరకాయ కూర పెట్టింది. నేను ఫలానా అని చెప్పకముందే నా మొహం చాలాసేపు చూసింది. "ఎందుకొచ్చినవు బిడ్డా?" అన్నది. మా మామ చూసి రమ్మన్నాడని చెప్పాను. అన్నం పెట్టి, తిన్నాక మళ్లీ అదే అడిగింది. "మీ మామ ముచ్చట సరే. ఎందుకొచ్చినవు?"

దయ్యం గురించి అడిగితే ఆమెకు కోపం వచ్చింది. "గోపయ్య బతికున్ననాడే కోడిపిల్లను గూడ అదిలించలే. సచ్చినంక గాయన ఎవలను భయపెడ్తడు? గీ ముచ్చట లేపినోన్ని తీస్కరా, నాకు జర పనుంది" అన్నది. పక్క వెంచర్ వేసిన గోవర్ధన్ మూడుసార్లు వచ్చాడట. "అవ్వా, నీకు బాట లేదు, మాకే ఇయ్యి" అన్నాడట. "ఇన్నేండ్ల సంది నేను గాలిల ఎగిరి వస్తున్ననారా" అని పంపించిందట. ఇంకో మాట కూడా చెప్పింది. చప్పుడు వినబడే రోజుల్లో ఆ దిక్కు ఎవరూ పోవడం లేదు. మేకలను తోలుకుపోయేవాళ్లు కూడా బాట మార్చుకున్నారు.

మా యాత్ర ఈ నెల 20వ తేదీకి ఖాయమైంది. ఆరోజు నాకు డ్యూటీ ఉంది. తేదీ మార్చమంటే మిగతావాళ్లకు కుదరదన్నాడు శివశంకర్. బాధగానే ఉంది. సంచి మాత్రం నేనే సర్దాను. థర్మామీటరు, గజ్జెలు గుడ్డల్లో చుట్టాను, బరువైనవి కింద పెట్టాను, బ్యాటరీల ప్యాకెట్ మీటరు పక్కనే పెట్టాను, వెతుక్కోకుండా.

నీ మోకాళ్ల నొప్పి ఎట్లా ఉంది?

మనీషా

•

వికారాబాద్,
జూలై 28

మనీషాకు,

దుర్గవ్వ 21వ తేదీ పొద్దున స్వర్ణలతకు ఫోన్ చేసింది. బావి తూర్పు గట్టు నుంచి నలభై ఒక్క అడుగుల పావు దగ్గర నడుము లోతు గుంత తవ్వి ఉంది. సున్నం గీత కూడా ఉంది.

అక్కడ ఏ రాయీ లేదు, ఎప్పుడూ లేదు. అది గోపయ్య పెంటకుప్ప. ఆ కొలత నేను కల్పించి రాశాను. ఒకే కాగితం మీద, ఒకే మనిషికి రాశాను.

దయ్యాలు టేపు పట్టవు. పోయిన ఉత్తరంలో నువ్వు సొరకాయ కూర గురించి రాశావు, నా మోకాళ్ల గురించి రాశావు. కొలత గురించి ఒక్క ముక్క రాయలేదు. అప్పుడే అనుకున్నాను.

రెండు ప్రశ్నలు. ఎవరికి చెప్పావు? బదులుగా ఏం తీసుకున్నావు?

ఐలయ్య

•

తొండుపల్లి,
ఆగస్టు 4

మామయ్య గారికి,

మొదటి ప్రశ్నకు జవాబు. శివశంకర్‌కు చెప్పాను. సంచి సర్దుతుంటే గదికి వచ్చాడు. మీ ఉత్తరం అతనికి చదివి వినిపించాను. మీ అనుమానం చూసి నవ్వుకుందామని చదివాను. తలుపు లేని ఇంటికి గడ్డపార అన్న దగ్గర ఇద్దరం నవ్వాం. కొలత దగ్గరికి వచ్చేసరికి అతను నవ్వడం ఆపి ఫోన్‌లో రాసుకున్నాడు. నేను చూశాను. చూసి కూడా ఊరుకున్నాను.

రెండో ప్రశ్నకు జవాబు. ఏమీ తీసుకోలేదు. నన్ను నమ్మి సంచి నా దగ్గర పెట్టారని సంబరపడ్డాను. అంతే. మీరు అట్లా అడుగుతారని అనుకోలేదు.

మీ ఉత్తరం అందాక సంచి తెరిచాను. 21న శివశంకర్ గది బయట పెట్టి పోయాడు, అప్పటినుంచి ముట్టలేదు. పని దగ్గర సంచులు చూసినట్టు చూశాను, ఒక్కొక్కటి బయటికి తీసి. ఉన్నది ఉన్నట్టు రాస్తున్నాను. మీటరులో బ్యాటరీలు లేవు. ప్యాకెట్ సీలు కూడా తీయలేదు. పౌడరు డబ్బాల మూతలు కదల్లేదు. రికార్డరులో ఒక్క మాట లేదు. గజ్జెలు నేను చుట్టిన గుడ్డలోనే ఉన్నాయి. టేపుకు నలభై రెండు అడుగుల దాకా పెంటమట్టి అంటింది. సున్నం సగం అయిపోయింది. పక్క జేబులో మడతపెట్టిన నక్షా ఉంది. వెంచర్‌ది. దుర్గవ్వ బాట ఉన్నచోట నలభై అడుగుల రోడ్డు గీసి ఉంది. కింద గోవర్ధన్ పేరు, ఫోన్ నంబరు.

అఖిలను అడిగాను. యాత్ర రద్దయిందని జట్టులో ముగ్గురికీ చెప్పాడట. అయితే ఆ రోజు అతనితో పోయింది ఎవరో నాకు తెలియదు.

శివశంకర్‌ను క్యాంటీన్ దగ్గర పట్టుకున్నాను. "గోవర్ధన్ నీకేమైతడు?" అని అడిగాను.

"మా చిన్నాయిన. ఏంది గిప్పుడు?"

"మరి దయ్యం?"

"ఉన్నదో లేదో నాకేం తెల్సు. పబ్లిక్ అటు రాకుంటే చాలు." టీ గ్లాసు పెట్టేసి అన్నాడు. "మీ మామ తప్పు కొలత ఇచ్చిండు. ముసలాయన హుషారు. సరైంది కనుక్కో, నీకు గూడ మంచిగుంటది."

సంచి అతనికి తిరిగి ఇవ్వలేదు. నక్షా కూడా నా దగ్గరే ఉంచాను. నిన్న దుర్గవ్వ దగ్గరికి పోయి జరిగింది జరిగినట్టు చెప్పాను. ఆమె తిట్టలేదు. నక్షా చేతిలోకి తీసుకొని, "నా బాట ఏడున్నది ఇండ్ల?" అని అడిగింది. చూపించాను.

అసలు రాయి ఎక్కడుందో నాకు చెప్పకండి. ఇక అడగను.

మనీషా

•

వికారాబాద్,
ఆగస్టు 16

బిడ్డా మనీషా,

మీరు అని రాశావు. గారు అని కూడా పెట్టావు. నీకు మాటలు వచ్చినప్పటి నుంచి నన్ను నువ్వు అనే అన్నావు. అది నాకు తగిలింది. తగలాల్సిందే.

నిన్ను ఎందుకు పరీక్ష పెట్టానో చెప్పాలి. ఇది మీ అమ్మకు తెలుసు, నీకు తెలియదు. ఎయిర్‌పోర్టు రాకముందు అక్కడ భూముల ధర పెరుగుతున్న రోజులు. మీ నాన్న రాజు, నాకు బావ, ఒకరోజు తాగుతూ కూర్చొని దుర్గవ్వ కింది చెల్క హద్దు రాయి ఎక్కడుందని అడిగాడు. మాటల్లో చెప్పాను. మూడోరోజు రాయి లేదు. పంచాయితీలో ఆ చెల్క పక్కనే మీ నాన్న కొన్న ముక్కలో కలిసింది. తర్వాత అమ్మాడు. అత్తాపూర్‌లో మీ అమ్మ ఉంటున్న ఇల్లు దానితో కట్టిందే.

నా తప్పు అక్కడితో అయిపోలేదు. మా కాలంలో హద్దు రాయి పాతే ముందు గుంత అడుగున దోసెడు బొగ్గులు, పెంకు ముక్కలు వేసేవాళ్లం. బొగ్గు ఎన్నేళ్లయినా మట్టిలో కలవదు. రాయిని పీకేవాడు రాయి ఎత్తుకుపోతాడు గానీ కింద ఏముందో చూడడు. దుర్గవ్వ రాయి పోయిన చోట బొగ్గు ఉందని పంచాయితీలో నేను ఒక్క మాట అంటే సరిపోయేది. చెల్లె కాపురం అనుకున్నాను. నోరు తెరవలేదు. దుర్గవ్వ నా మొహం చూసింది. ఆ చూపు ఇంకా నాతోనే ఉంది.

ఇన్నేళ్లకు అదే ఊరు, అదే మనిషి, అదే ప్రశ్న మీ నాన్న బిడ్డ చేతి రాతలో వచ్చింది. ఆయన చేసిన పనికి నిన్ను అనుమానించాను. నువ్వు నా మాట నవ్వులాటకు బయటపెట్టావు, నేను నోరు మూసుకొని ఒకరి భూమి పోగొట్టాను. పెద్ద తప్పు ఎవరిదో నువ్వే చూసుకో.

దుర్గవ్వ చేత సర్వేకు అర్జీ పెట్టించాను. సెప్టెంబర్ 12 పొద్దున పది గంటలకు ఉపేందర్ అనే సర్వేయర్ వస్తాడు. పక్కవాళ్లకు నోటీసు పోయింది, అంటే గోవర్ధన్‌కు కూడా. నేను రాలేను. మోకాలు మెట్టు దిగనివ్వడం లేదు. నా బదులు నువ్వు నిలబడాలి. ఆ రోజుకు సెలవు పెట్టు.

సంచి మళ్లీ సర్దు. టేపు, సున్నం, మేకులు, పార, గడ్డపార ఉంచు. ఈసారి అవి సరైన సంచిలోనే ఉన్నట్టు. నక్షా పెట్టు. మంచినీళ్లు పెట్టు, దుర్గవ్వకు గొడుగు పెట్టు.

కొలత రాసుకో. బావి ఉత్తరపు గట్టు మీద మోట కట్టిన రాతికి ఒక రంధ్రం ఉంటుంది. అక్కడి నుంచి సరిగ్గా పడమటికి రెండు గొలుసులు ఆరణాలు. డెబ్బై ఎనిమిది అడుగుల నాలుగున్నర అంగుళాలు. రాయి ఉన్నా లేకపోయినా అక్కడ రెండున్నర అడుగులు తవ్వించు.

ఇది కూడా ఒకే కాగితం మీద, ఒకే మనిషికి రాస్తున్నాను.

మామ

•

తొండుపల్లి,
సెప్టెంబర్ 13

మామా,

నీ కాగితం నాలుగు వారాలు నా దిండు గలీబులో ఉంది. ఎవరికీ చదివి వినిపించలేదు. అమ్మను మాత్రం నాన్న సంగతి అడిగాను. లేచి పోయి నల్లా కింద బిందె పెట్టింది. అప్పుడు నీళ్లు వచ్చే వేళ కాదు.

నిన్న జరిగింది రాస్తాను.

నోటీసు అందిన వారానికే గోవర్ధన్ మనుషులు జేసీబీతో తమ జాగా చదును చేస్తున్నామని చెప్పి, గోపయ్య ఇంటి వెనక భాగమంతా గీకి పెట్టారు. బాట ఆనవాలు లేదు. ఉపేందర్ కొలత మిషన్ స్టాండు మీద పెట్టి, ఆఫీసు నక్షా విప్పి, చిరిగిన మూల చూసి తల గోక్కున్నాడు. "ఇగ్గో, రాయి ఉంటే చూపియ్యిండ్రి, రాస్కుంట" అన్నాడు. గోవర్ధన్ చేతులు కట్టుకొని నిలబడ్డాడు. "ఏడున్నది రాయి? ఉంటే గదా" అన్నాడు. శివశంకర్ అతని వెనక ఉన్నాడు. నా చేతిలో సంచి చూసి చూపు తిప్పుకున్నాడు.

మోట రాయి రంధ్రం దొరికింది. నాచు గీకితే కనబడింది. టేపు ఒక కొస దుర్గవ్వకు ఇచ్చాను. రంధ్రం మీద బొటనవేలు పెట్టి కదలకుండా కూర్చుంది. రెండో కొస నేను పట్టుకొని పోయాను. డెబ్బై ఎనిమిది అడుగుల నాలుగున్నర అంగుళాలు. అక్కడ రాయి లేదు, చదును చేసిన ఎర్రమట్టి తప్ప. మేకు దిగేసి, నీ ఉత్తరంలో కొలత గురించి, బొగ్గు గురించి రాసిన వాక్యాలు ఉపేందర్‌కు చదివి వినిపించాను. మిగతాది చదవలేదు. "మా ముసలి సర్వేయర్లు గూడ గిట్లనే చెప్తుండిరి" అన్నాడు ఉపేందర్, మొదటిసారి కొంచెం ఉత్సాహంగా. తవ్వమన్నాడు.

అడుగు లోతులో ఏమీ లేదు. రెండడుగుల దాకా కూడా ఏమీ లేదు. గోవర్ధన్ ఎవరికో ఫోన్ చేస్తూ నవ్వుతున్నాడు. పార మరి నాలుగుసార్లు దిగాక మట్టి రంగు మారింది. నల్లగా వచ్చింది. ఉపేందర్ తనే గుంతలోకి దిగి చేత్తో తీశాడు. దోసెడు బొగ్గులు, ఏడు పెంకు ముక్కలు. లెక్కపెట్టి ఫోటో తీసి, పంచనామా రాసి అందరి చేతా సంతకాలు పెట్టించాడు. గోవర్ధన్ చదవకుండా పెట్టాడు. కొత్త రాయి వచ్చే వారం పాతుతారు. కింద మళ్లీ బొగ్గులు వేయమని అడిగాను. వేస్తానన్నాడు.

బాట పన్నెండడుగులు, దుర్గవ్వదే అని రాసిన కాగితం ఆమె రవికెలో పెట్టుకుంది.

వాళ్లంతా పోయాక నాన్న సంగతి ఆమెకు చెప్పాను. చెప్పకుండా ఆమె ఇంట్లో మళ్లీ అన్నం తినలేననిపించింది.

"ఎర్కనే" అన్నది. "నువ్వు మొదటిపారి వచ్చిన్నాడే ఎర్కపట్టిన. రాజు మొఖమే నీది. గందుకే రెండుపార్లు అడిగిన, ఎందుకొచ్చినవని."

"అన్నమెందుకు పెట్టినవు మరి?"

"ఆకలితోని ఉన్నవు గదా. అనుమానం అనుమానమే, అన్నం అన్నమే." నీ గురించి కూడా అడిగింది. "గా ఐలయ్యకు చెప్పు. గప్పుడు నోరు తెరుస్తడేమోనని శానసేపు చూసిన. గిప్పుడు తెరిచిండు. మోకాలు మంచిగయినంక వచ్చి పొమ్మను."

చివరికి మిగిలిన పని ఒకటుంది. సంచి అడుగున మీటరు అట్లాగే ఉంది. ఇద్దరం గోపయ్య ఇంట్లోకి పోయాం. ప్యాకెట్ సీలు చింపి బ్యాటరీలు వేశాను. రెండు గదులూ తిరిగాను. ఆకుపచ్చ దీపం ఆకుపచ్చగానే ఉంది. పైన విమానం ఒకటి తొండుపల్లి మీదుగా దిగింది. కిటికీ లేని కంతలోంచి దాని నీడ గోడ మీద పోయింది, రాత్రయితే దాని వెలుగు పోయేది.

"ఏమంటున్నది నీ మిషన్?" అని అడిగింది దుర్గవ్వ.

"ఎవరూ లేరంటున్నది."

"గా మాట నన్నడిగితే చెప్పకపోదునా?" అన్నది, బయటికి వచ్చి బాట మీద ముందు నడుస్తూ.

నీ
మనీషా